38 శాతం... అంతలోనే చీకటి!

బ్యాటరీ సగం దాకా ఉన్నట్టే కనిపిస్తుంది. ప్లగ్గు తీసిన పది నిమిషాలకే ల్యాప్‌టాప్ టప్పున ఆరిపోతుంది. వైరస్సేమో అంటారొకరు. బోర్డు పోయిందంటారు ఇంకొకరు. అసలు దోషి ఎక్కడ దాక్కుందో తెలిస్తే వేలకు వేలు వదిలించుకోనక్కర్లేదు.

రాత్రి ఏడున్నర. అమీర్‌పేటలో ఓ హాస్టల్, మూడో అంతస్తు. స్నేహితుడికి పరీక్ష ఉందని గదిలోని మిగతా ముగ్గురూ బయటికెళ్లి కూర్చున్నారు. ఉద్యోగం కోసం రాస్తున్న ఆన్‌లైన్ పరీక్ష అది. గంటన్నర సమయం. కెమెరా ఆన్‌లో ఉండాలి, తల పక్కకు తిప్పకూడదు. నలభై నిమిషాలు బాగానే గడిచాయి. అంతలో కరెంటు పోయింది. కుర్రాడు కంగారు పడలేదు. నెట్ ఫోన్‌లోంచి వస్తోంది, ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది. తెర కింద కుడి మూలన 38 శాతం అని కనిపిస్తోంది. ఇంకేం, గట్టెక్కినట్టే అనుకున్నాడు. ప్రోగ్రామ్ రాయడం పూర్తిచేసి 'రన్' నొక్కాడు.

అంతే! తెర నల్లబడింది. హెచ్చరిక లేదు. ఫ్యాను చప్పుడు కూడా ఆగిపోయింది. పవర్ బటన్ నొక్కితే ఓ క్షణం వెలిగి మళ్లీ ఆరిపోయింది. కరెంటొచ్చి, ప్లగ్గు పెట్టి, ఆన్ చేసి లోపలికి వెళ్లేసరికి పరీక్ష గడువు ముగిసింది. బ్యాటరీ గుర్తు దగ్గర అంకె మాత్రం ఏమీ ఎరగనట్టు 36 అని చూపిస్తోంది!

ఊరూ పేరూ మార్చుకుంటే ఇది ఎంతోమంది కథ. క్లాసు మధ్యలో పాఠం ఆగిపోయిన లెక్చరరు, ఆడిటింగ్ లెక్కలన్నీ మళ్లీ మొదట్నుంచీ వేసుకున్న అకౌంటెంటు, అమెరికాలో ఉన్న కూతురితో మాట్లాడుతుండగా 'అమ్మా, నువ్వు కనిపించట్లేదు' అనిపించుకున్న తల్లి... అందరిదీ ఒకటే ఫిర్యాదు. ప్లగ్గు పెడితే బంగారంలా పనిచేస్తుంది. తీస్తే చెప్పకుండా చచ్చిపోతుంది.

మూడు షాపులు.. మూడు మాటలు

మర్నాడు ఆ కుర్రాడు హాస్టల్ కింద ఉన్న షాపుకెళ్లాడు. విండోస్ పాడైంది, ఫార్మాట్ కొడదామన్నారు. కొట్టారు. సాయంత్రానికి మళ్లీ అదే తంతు. రెండో షాపువాళ్లు మూత తెరవకుండానే 'మదర్‌బోర్డు పోయింది, ఎనిమిది వేలవుతుంది' అనేశారు. సెకండ్‌హ్యాండులో ఇరవై రెండు వేలకు కొన్న ల్యాప్‌టాప్‌కి ఎనిమిది వేల రిపేరు! నల్గొండలో ఉన్న నాన్నకు ఫోన్ చేసి ఆ మాట ఎలా చెప్పాలో తెలియక, చివరికి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌కి బస్సెక్కాడు. అక్కడి చెనాయ్ ట్రేడ్ సెంటర్ అంటే ఎవరికీ వెంటనే తట్టదు. సీటీసీ అంటే చాలు, ఆటోవాలా కూడా సరిగ్గా గేటు ముందే దింపుతాడు. నాలుగడుగుల వెడల్పు కౌంటరు, దాని వెనక భూతద్దం పెట్టుకున్న మెకానిక్కు. ఆయన స్క్రూడ్రైవర్ ముట్టుకోలేదు. రెండే ప్రశ్నలడిగాడు.

''ప్లగ్గు పెట్టి ఉన్నప్పుడు ఎప్పుడన్న ఆగిందా?''

''లేదన్నా. రాత్రంతా నడిచినా ఏం కాదు.''

''ఆరిపోయేటప్పుడు ఏం చేస్తున్నవ్?''

''ప్రోగ్రామ్ రన్ కొట్టిన.''

''బోర్డుకేం కాలే తమ్మీ. బ్యాటరీ ముసల్దయింది. మొయ్యలేకపోతున్నది.''

రోగి మంచం దిగకముందే జబ్బు పేరు చెప్పిన పాతకాలపు డాక్టర్లు గుర్తొస్తే ఆశ్చర్యం లేదు. అయితే ఇందులో మాయేం లేదు. ఆ రెండు ప్రశ్నల వెనకా చాలా లెక్క ఉంది.

ట్యాంకు నిండుగానే ఉంది.. పైపే పూడిపోయింది

ల్యాప్‌టాప్ బ్యాటరీ అంటే ఒకే ముక్క అనుకుంటాం. కాదు. లోపల కొన్ని సెల్స్ ఉంటాయి. పాత మోడళ్లలో అయితే 18 మిల్లీమీటర్ల లావు, 65 మిల్లీమీటర్ల పొడవుండే గొట్టం లాంటివి. పెన్సిల్ సెల్ కంటే కాస్త పెద్దవి. కొత్త పల్చటి ల్యాప్‌టాప్‌లలో పాలిథిన్ కవరులో చుట్టిన అట్టముక్కల్లా ఉంటాయి. ఏవైనా లిథియం అయాన్ జాతివే. జపాన్‌కు చెందిన సోనీ కంపెనీ 1991లో వీటిని తొలిసారి మార్కెట్లోకి తెచ్చింది. వీటి పుట్టుకకు బాటలు వేసిన జాన్ గుడెనఫ్, స్టాన్లీ విటింగ్‌హామ్, అకిరా యోషినోలకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి కూడా వచ్చింది.

ఒక్కో సెల్ నిండుగా ఉన్నప్పుడు 4.2 వోల్టులుంటుంది. దాదాపు 3 వోల్టులకు పడిపోతే ఖాళీ అయినట్టే లెక్క. అంతకంటే కిందికి లాగితే సెల్ పాడైపోతుంది. అందుకే ప్రతి బ్యాటరీలోనూ కాపలాదారులాంటి చిన్న సర్క్యూటు ఒకటి ఉంటుంది. ఏ సెల్ అయినా ఆ గీత దాటి కిందికి జారిందా... ఎవరినీ అడగదు, మొత్తం సరఫరా కట్ చేస్తుంది. ఆ కుర్రాడి తెర నల్లబడింది అందుకే.

మరి 38 శాతం ఉందిగా, వోల్టేజీ ఎందుకు పడిపోయింది? అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

డాబా మీద నీళ్ల ట్యాంకును ఊహించుకోండి. బోరు నీళ్లు. పదేళ్లుగా పైపుల లోపల ఉప్పు పేరుకుపోయింది. ట్యాంకులో సగం నీళ్లున్నాయి. వంటింట్లో ఒక్క కుళాయి సన్నగా తిప్పితే ధార బాగానే వస్తుంది. అదే సమయంలో స్నానాలగదిలో షవరు, పెరట్లో గొట్టం కూడా తిప్పారనుకోండి... అన్నింటిలోనూ చుక్క చుక్కే! ట్యాంకు ఖాళీ అయిందా? లేదు. దారి ఇరుకైంది. పాతబడిన బ్యాటరీలోనూ ఇదే జరుగుతుంది. వాడకంతో, వేడితో సెల్ లోపల రసాయనాల పొరలు మందమవుతాయి. కరెంటు పారే దారిలో అడ్డు పెరుగుతుంది. దీన్నే అంతర్నిరోధం అంటారు. మెల్లగా టైపు చేసుకుంటున్నంతసేపూ ఇబ్బంది ఉండదు. ప్రోగ్రామ్ నడపడమో, వీడియో కాల్ కలపడమో, ఆట మొదలుపెట్టడమో చేయగానే ప్రాసెసర్ ఒక్కసారిగా ఒళ్లు విరుచుకుంటుంది. ఇప్పటి ప్రాసెసర్లు కొన్ని క్షణాల పాటు మామూలు వాడకానికి రెట్టింపుకు మించి కూడా కరెంటు లాగగలవు. ఆ క్షణంలో వోల్టేజీ గభాలున పడుతుంది. కాపలాదారు తలుపు మూసేస్తాడు. భారం తప్పగానే వోల్టేజీ మళ్లీ లేచి కూర్చుంటుంది. కాబట్టే కాసేపాగి ఆన్ చేస్తే అమాయకంగా 36 శాతం అని చూపించేది.

దీనికి తోడు సెల్స్ అన్నీ ఒకే ఈడువి కావు. మామూలుగా మూడో, నాలుగో గుంపులు ఒకదాని వెనక ఒకటి గొలుసులా కలిపి ఉంటాయి. బ్యాటరీ మీద 11.1 వోల్టులనో, 14.8 వోల్టులనో రాసి ఉండేది అందుకే. గొలుసులో రెండు గుంపులు పుష్టిగా ఉండి ఒక్కటి నీరసపడినా సరే, ఆ ఒక్కదాని దగ్గరే ఆట ముగుస్తుంది. రిపేరు షాపుల్లో పాత బ్యాటరీ విప్పి మీటరు పెట్టి చూస్తే తరచూ కనిపించే దృశ్యం ఇదే. మిగతావి బాగానే ఉంటాయి, ఓ జత మాత్రం చతికిలబడి ఉంటుంది.

గాదెలో గింజలు.. కాగితం మీద లెక్కలు

ఇక ఆ శాతం అంకె సంగతి. అది కొలత కాదు, అంచనా!

గాదెలో ఎన్ని వడ్లున్నాయో ప్రతిసారీ దిగి చూడలేం. ఎన్ని కుంచాలు పోశామో, ఎన్ని తీశామో రాసుకుంటాం. మిగిలింది ఇంత అనుకుంటాం. మధ్యలో ఎలుకలు తింటే? పుస్తకంలో పది బస్తాలు, గాదెలో ఆరు. బ్యాటరీలోని చిప్ చేసేదీ ఇలాంటి పద్దే. ఎంత కరెంటు లోపలికెళ్లింది, ఎంత బయటికొచ్చింది అని లెక్క కడుతుంది. సెల్స్ వయసు పెరిగి నిల్వ తగ్గిన సంగతి దానికి సరిగా తెలియకపోతే లెక్క తప్పుతుంది. ముఖ్యంగా ఎప్పుడూ ప్లగ్గులోనే ఉంచి వాడేవాళ్లకు. బ్యాటరీ పూర్తిగా నిండి, ఖాళీ అయ్యే సందర్భమే రాదు కాబట్టి చిప్ తన పద్దును సరిచేసుకునే అవకాశమే దొరకదు.

ఈ తంటా ల్యాప్‌టాప్‌లకే పరిమితమైతే ఇంత చర్చ జరిగేది కాదేమో. 2016లో ఐఫోన్ 6ఎస్ వాడేవాళ్లలో కొందరికి ఇదే అనుభవమైంది. ఛార్జింగ్ ఉండగానే ఫోన్ ఆగిపోయేది. ఆ ఏడాది నవంబరులో యాపిల్ కొన్ని ఫోన్లకు ఉచితంగా బ్యాటరీ మారుస్తానంది. 2017 జనవరిలో ఓ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చింది. ఫోన్లు ఆరిపోవడం తగ్గింది. ఎలా తగ్గిందో ఆ ఏడాది డిసెంబరులో గానీ బయటపడలేదు. బ్యాటరీ పాతబడితే ప్రాసెసర్ వేగానికి కళ్లెం వేస్తున్నారు! గొట్టం ఇరుకైంది కాబట్టి షవరు తిప్పనివ్వడం లేదన్నమాట. సాంకేతికంగా చూస్తే అది తప్పుడు వైద్యమేం కాదు. చెప్పకుండా చేయడమే తప్పు. ఫోన్ నెమ్మదించిందని కొత్తది కొనుక్కున్నవాళ్లు భగ్గుమన్నారు. యాపిల్ క్షమాపణ చెప్పింది. 79 డాలర్ల బ్యాటరీని 29 డాలర్లకు మార్చింది. 2020 ఫిబ్రవరిలో ఫ్రాన్స్ రెండున్నర కోట్ల యూరోల జరిమానా వేసింది. అమెరికాలో కేసుల రాజీకి 50 కోట్ల డాలర్ల దాకా చెల్లించేందుకు కంపెనీ ఒప్పుకుంది. ఇప్పుడు ఫోన్లలో కనిపించే 'బ్యాటరీ హెల్త్' అన్న పేజీ ఆ గొడవ తర్వాత 2018లో వచ్చిందే.

ఇంట్లోనే పట్టేయొచ్చు

సీటీసీ మెకానిక్ అడిగిన మొదటి ప్రశ్నే అన్నిటికన్నా ముఖ్యం. ప్లగ్గు పెట్టి ఉన్నప్పుడు కూడా ఆగిపోతుంటే బ్యాటరీని అనుమానించక్కర్లేదు. అడుగు భాగం కాలిపోతోందా, ఆగేముందు ఫ్యాను గోల పెడుతోందా చూడండి. అలాగైతే లోపల దుమ్ము పట్టి వేడి బయటికి పోవడం లేదు. పరుపు మీద, దుప్పటి మీద పెట్టుకుని వాడేవాళ్లకు ఇది మామూలే. శుభ్రం చేయించి, ప్రాసెసర్ మీద కొత్త పేస్టు వేయిస్తే సరిపోతుంది. వేడి లేకుండానే రెండు విధాలా ఆగిపోతుంటే అప్పుడు ర్యామ్, బోర్డు వైపు చూడాలి.

ప్లగ్గు తీస్తేనే ఆగుతోందనుకోండి. ఎలా ఆగుతోంది? ఆన్ చేసినప్పుడు తెరిచిన ఫైళ్లన్నీ ఎక్కడివక్కడే ఉంటే అది ఆరిపోవడం కాదు, హైబర్నేట్. బ్యాటరీ బాగా తగ్గిందని విండోసే పద్ధతిగా పడుకుంది. మామూలుగా 5 శాతం దగ్గర జరగాల్సిన ఈ పని 30 దగ్గరే జరుగుతుంటే పవర్ ఆప్షన్స్‌లో 'క్రిటికల్ బ్యాటరీ లెవెల్' ఎవరైనా మార్చారేమో చూడాలి. ఖర్చు లేని వైద్యం. ఫైళ్లు లేవు, 'విండోస్ సరిగా షట్‌డౌన్ కాలేదు' అన్న ధోరణిలో లేస్తోందంటే కరెంటు తెగిందన్నమాట. ఈవెంట్ వ్యూయర్‌లో 'కెర్నల్ పవర్ 41' అన్న ఎర్ర గుర్తు కనిపిస్తుంది. చాలామంది దాన్ని చూసి ఏదో భయంకరమైన లోపమనుకుంటారు. అది చెప్పేదల్లా 'చెప్పాపెట్టకుండా ఆగిపోయింది' అని మాత్రమే. ఎందుకో దానికీ తెలియదు!

ప్లగ్గు లాగిన మరుక్షణమే ఆగిపోతే కథ ఇంకోలా ఉంటుంది. బ్యాటరీ నుంచి చుక్క కరెంటు కూడా రావడం లేదు. బయటికి తీయగలిగే బ్యాటరీ అయితే ఆపుచేసి, తీసి, ఇత్తడి పళ్ల మీద మసి ఉంటే పొడిగుడ్డతో తుడిచి, గట్టిగా బిగించి చూడాలి. లోపల బిగించిన రకమైతే కేబుల్ వదులైందేమో షాపులో చూపించాలి. ల్యాప్‌టాప్ కింద పడిన తర్వాత మొదలైన సమస్య అయితే ఈ అనుమానమే ముందు. అన్నీ బాగుండి, కొత్త బ్యాటరీ పెట్టినా ఇదే జరిగితే అప్పుడు... అవును, అప్పుడే బోర్డు. ఛార్జింగ్ సర్క్యూటులో చిన్న భాగం పోయినా ఇలా అవుతుంది. దానికీ బోర్డు మొత్తం మార్చనక్కర్లేదు. చిప్ స్థాయిలో రిపేరు చేసేవాళ్లు సీటీసీలోనే కాదు, విజయవాడ, విశాఖల్లోనూ ఉన్నారు.

ఛార్జర్ని కూడా ఓ కంట కనిపెట్టాలి. 65 వాట్లు కావాల్సిన యంత్రానికి ఇంట్లో దొరికిన 45 వాట్లది పెడితే ఛార్జింగ్ గుర్తు వెలుగుతూనే ఉంటుంది, బరువైన పని చేసినప్పుడు బ్యాటరీ తరిగిపోతూనే ఉంటుంది. పొద్దున్నుంచీ ప్లగ్గులోనే ఉందిగా అని తీసేసరికి లోపల ఏమీ ఉండదు.

ఇక తిరుగులేని సాక్ష్యం. విండోస్ 8 నుంచి ఆ తర్వాత వచ్చిన అన్నింటిలోనూ ఓ చిన్న ఆదేశం ఉంది. స్టార్ట్ మీట నొక్కి కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. పి, ఓ, డబ్ల్యూ, ఇ, ఆర్, సి, ఎఫ్, జి... ఈ ఎనిమిది అక్షరాలూ కలిపి కొట్టి, ఓ ఖాళీ వదిలి, కుడి వైపుకు వాలే గీత పెట్టి, 'బ్యాటరీ రిపోర్ట్' అన్న రెండు ఇంగ్లిషు మాటల్నీ ఖాళీ లేకుండా కలిపి కొట్టండి. ఎంటర్ నొక్కితే ఓ ఫైలు తయారైందని, అది ఎక్కడుందో చెబుతుంది. తెరిస్తే బ్యాటరీ జాతకం మొత్తం కళ్లముందుంటుంది. 'డిజైన్ కెపాసిటీ' అంటే పుట్టినప్పటి బలం. 'ఫుల్ ఛార్జ్ కెపాసిటీ' అంటే ఇప్పుడు నిండుగా ఉంటే ఉండే బలం. అమీర్‌పేట కుర్రాడి ల్యాప్‌టాప్‌లో మొదటిది 41 వేలు, రెండోది 18 వేలు. సగం కంటే తక్కువ! ఆ సగంలో 38 శాతం ఎంతో లెక్కేసుకోండి. మ్యాక్ వాడేవాళ్లకు ఈ సంగతులు సిస్టమ్ సెట్టింగ్స్‌లోని బ్యాటరీ పేజీలోనే ఉంటాయి. హెచ్‌పీ, డెల్ లాంటి కంపెనీలు ఆన్ చేసేటప్పుడే బ్యాటరీని పరీక్షించుకునే సదుపాయం ఇస్తున్నాయి. హెచ్‌పీలో ఎఫ్2, డెల్‌లో ఎఫ్12 నొక్కితే ఆ దారి కనిపిస్తుంది.

రెండు అంకెలకూ పెద్ద తేడా లేకపోయినా ఆరిపోతోందా? అయితే పద్దే తప్పి ఉండొచ్చు. నిండుగా ఛార్జి చేసి, గంట రెండు గంటలు అలాగే ఉంచి, ప్లగ్గు తీసి, ముఖ్యమైన పనేదీ పెట్టుకోకుండా అదంతట అది ఆగేదాకా వదిలేసి, మళ్లీ ఏకబిగిన నిండా ఛార్జి చేయాలి. చిప్ తన లెక్క దిద్దుకుంటుంది. దీన్నే కాలిబ్రేషన్ అంటారు. కొంతమంది ఇదేదో బలం మందులా వారంవారం చేస్తుంటారు. వద్దు. పూర్తిగా ఖాళీ చేయడం లిథియం బ్యాటరీకి నచ్చని పని. పద్దు సరిచేయడమే తప్ప పోయిన నిల్వ తిరిగి రాదు. అలాగే తయారీ కంపెనీ వెబ్‌సైట్లో బయోస్ అప్‌డేట్ ఉందేమో చూసుకోవడం మంచిది. అయితే ఆ పని ప్లగ్గు పెట్టి, కరెంటు పోదని నమ్మకమున్నప్పుడే చేయాలి. మధ్యలో ఆగిందంటే నిజంగానే బోర్డు పోతుంది!

వెయ్యి రూపాయల బేరం

బ్యాటరీ మార్చాలని తేలాక అసలు చిక్కు మొదలవుతుంది. అదే మోడలు పేరుతో ఒకటి వెయ్యికి దొరుకుతుంది, ఇంకొకటి నాలుగు వేలకు. చూడ్డానికి కవలపిల్లల్లా ఉంటాయి. స్టిక్కరు మీద అంకెలూ ఒకటే. చౌకరకంలో పాత బ్యాటరీల నుంచి ఏరిన సెల్స్‌కి కొత్త తొడుగు వేసినవీ ఉంటాయి. మొదటి నెల అద్భుతం, మూడో నెలకి మళ్లీ అదే చీకటి. కంపెనీది దొరక్కపోతే బయటి కంపెనీ మంచిది తీసుకోవడంలో తప్పులేదు. కాకపోతే బ్యాటరీ మీద భారతీయ ప్రమాణాల సంస్థ గుర్తు, ఐఎస్ 16046 అన్న అంకె, ఆర్ అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయేమో చూడాలి. బ్యాటరీ భాగం నంబరు, వోల్టులు పాతదాంతో కలవాలి. ల్యాప్‌టాప్ మోడలు పేరొక్కటే చెబితే పొరపాటు జరగొచ్చు, ఒకే పేరుతో రెండు మూడు రకాల బ్యాటరీలున్నవి బోలెడు. బిగించగానే అక్కడే ఆ రిపోర్టు తీయించి, ప్లగ్గు పీకి, ఓ వీడియో పెట్టి అరగంట నడిపించి చూడండి. షాపాయన విసుక్కుంటే విసుక్కోనివ్వండి. డబ్బులు మనవి. బిల్లు మాత్రం మర్చిపోకూడదు.

కొత్తది వచ్చేదాకా పని ఆగకూడదంటే ఓ ఉపాయముంది. పవర్ ఆప్షన్స్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థాయిని బ్యాటరీ మీద ఉన్నప్పుడు 99 శాతానికి తగ్గిస్తే ఇంటెల్ ప్రాసెసర్లు చాలావరకు ఆ 'ఒళ్లు విరుచుకోవడం' మానేస్తాయి. ఇంకా తగ్గించి 60, 70 దగ్గర పెడితే మరింత నిదానిస్తాయి. బ్యాటరీ సేవర్ ఆన్ చేసి, తెర వెలుగు తగ్గించి, తగిలించిన హార్డ్‌డిస్కులవీ తీసేస్తే ముసలి బ్యాటరీ కూడా ఇంకొంచెం దూరం నడుస్తుంది. యాపిల్ ఫోన్లకు చెప్పకుండా చేసిన వైద్యాన్ని మనం తెలిసి చేసుకుంటున్నామన్నమాట. పరీక్షలాంటిది ఉంటే మాత్రం ఈ ఉపాయాలను నమ్ముకోకుండా ఇన్వర్టర్ ఉన్న చోటు చూసుకోవడమే మేలు.

కొత్త బ్యాటరీ ఎక్కువకాలం మన్నాలంటే దాని శత్రువు పేరు వేడి అని గుర్తుంచుకోవాలి. మే నెల ఎండలో కారులో వదిలేసిన ల్యాప్‌టాప్ ఒక్క మధ్యాహ్నంలో కొన్ని వారాల ఆయుష్షు పోగొట్టుకుంటుందంటే అతిశయోక్తి కావచ్చేమో గానీ అబద్ధం మాత్రం కాదు. ఎప్పుడూ బల్ల మీదే, ప్లగ్గులోనే వాడేవాళ్లు 80 శాతం దగ్గర ఛార్జింగ్ ఆపేసే సెట్టింగు పెట్టుకోవచ్చు. లెనోవో, ఆసుస్, డెల్ లాంటి చాలా కంపెనీల సాఫ్ట్‌వేర్లో అది ఉంటుంది. నెలల తరబడి వాడకుండా పెట్టాలంటే సగం ఛార్జితో పెట్టాలి.

ఉబ్బితే ముట్టుకోవద్దు

ఆరిపోవడంతో పాటు టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, మూత సరిగా మూసుకోకపోయినా, బల్ల మీద పెడితే ల్యాప్‌టాప్ ఊగుతున్నా ఇంక పరీక్షలేం వద్దు. బ్యాటరీ ఉబ్బింది. లోపల గ్యాసు చేరింది. ఛార్జింగ్ అక్కడితో ఆపేయాలి. కొందరు సూదితో గుచ్చితే గాలి పోతుందనుకుంటారు. గాలితో పాటు ఇల్లూ పోవచ్చు! అంత మాట ఎందుకంటే... 2006 ఆగస్టులో డెల్ కంపెనీ ఒక్కసారిగా 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను వెనక్కి పిలిచింది. అదే నెలలో యాపిల్ 18 లక్షలు. రెండింటిలోనూ ఉన్నవి సోనీ సెల్సే. తయారీలో సెల్ లోపలికి చేరిన కంటికి కనిపించనంత లోహపు రజను షార్ట్‌సర్క్యూట్‌కు కారణమని తేలింది. అంత పెద్ద కంపెనీల వస్తువుకే అలా జరిగిందంటే ఏ సెల్స్ వేశారో తెలియని వెయ్యి రూపాయల బ్యాటరీ సంగతి చెప్పేదేముంది.

పోయిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకూడదన్నది సలహా కాదు, చట్టం. 2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలను సేకరించి రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులది. వాడేవాళ్లు దాన్ని ఇంటి చెత్తలో కలపకుండా విడిగా ఇవ్వాలి. కంపెనీ సర్వీస్ సెంటర్లలో, ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రాల్లో ఇవ్వొచ్చు. ఇచ్చేముందు ఇత్తడి పళ్ల మీద ప్లాస్టిక్ టేపు అంటిస్తే దారిలో ఏ తాళంచెవో తగిలి నిప్పు పుట్టకుండా ఉంటుంది. అసలు వాడేవాళ్లే సులువుగా విప్పి మార్చుకునేలా బ్యాటరీ ఉండాలని ఐరోపా సమాఖ్య 2023లో చట్టం చేసింది. 2027 ఫిబ్రవరి 18 నుంచి అది అమలవ్వాలి. ఒకప్పుడు ల్యాప్‌టాప్ కింద రెండు క్లిప్పులు లాగితే బ్యాటరీ చేతిలోకొచ్చేది. ఆ సుఖం మళ్లీ రావడానికి చట్టం కావాల్సి వచ్చింది.

అమీర్‌పేట కుర్రాడు మూడు వేల రెండొందలు పెట్టి కొత్త బ్యాటరీ వేయించుకున్నాడు. కౌంటరు మీదే ప్లగ్గు తీసి, తన ప్రోగ్రామ్ తెరిచి, నాలుగుసార్లు 'రన్' కొట్టాడు. ఆగలేదు. పాత బ్యాటరీ ఇంటికి తీసుకెళ్తానంటే మెకానిక్ ఒప్పుకోలేదు.

''ఏం చేస్తవ్ దాంతోని? ఇటియ్యి. మా డబ్బాల వేస్త, నెలకోసారి బండి వస్తది.''

నల్గొండకు ఫోన్ చేసినప్పుడు ఎనిమిది వేల సంగతి అసలు చెప్పలేదట. పరీక్ష సంగతి మాత్రం చెప్పాడు. ''మల్ల ఎప్పుడుంది బిడ్డా?'' అన్నాడు తండ్రి. వచ్చే నెల రెండో ఆదివారం.